జాజ్ గాథ: జన్మతిథి యెరుగనివారి జన్మదినోత్సవములు

గత భాగమున, న్యూ ఆర్లియన్సు నగరపు వీధులలో శవయాత్రలకును పండుగ ఊరేగింపులకును ముందు నడచుచుండిన ఇత్తడి వాద్యముల మేళములను గూర్చి చెప్పియుంటిమి. ఆ మేళముల వెంట పరుగులెత్తుచు పెరిగి, తుదకు లోకమునంతటిని తన వాద్యనాదముచే వశపరచుకొన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగు చరిత్రలోనికి ప్రవేశించుటకు పూర్వము, అతడు ఎన్నడు జన్మించెనను ప్రశ్నకు సమాధానము వెదకవలసియున్నది. ప్రశ్న చిన్నదియే. కాని దాని మూలమును వెదకుచు పోయినచో, అమెరికా దేశమున నల్లజాతివారు అనుభవించిన రెండు శతాబ్దములకు మించిన దాస్యము దారికి అడ్డు వచ్చును. అందుచే ఈ భాగమును విద్వాంసుల జన్మదినములకును, వానిని జరుపుకొను ఆచారమునకును వినియోగించుచున్నాను.

మనము సంగీతమూర్తులను స్మరించుటకు సిద్ధిపొందిన తిథినే తరచుగా ఎన్నుకొందుము. తిరువైయారున త్యాగరాజస్వామి ఆరాధన పుష్య బహుళ పంచమినాడు జరుగుటకు ఆయన దేహము చాలించిన తిథి అదియగుటయే కారణము. అమెరికాయందలి జాజ్, బ్లూస్ అభిమానులు మాత్రము జన్మదినమునే పట్టుకొనిరి. వారలట్లు చేయుటకు గట్టి హేతువు కలదని నేను నమ్ముచున్నాను. ఆ విద్వాంసులలో ఎందరి మరణములో తలచుకొనుటకే దుఃఖము గొలుపునవి. బ్లూస్ సామ్రాజ్ఞియని కీర్తిగన్న బెస్సీ స్మిత్ 1937 లో మిసిసిపీ రాష్ట్రమున రాత్రివేళ కారు ప్రమాదమునకు గురియై ప్రాణములు విడిచెను. చార్లీ పార్కర్ 1955 లో 34 ఏండ్ల ప్రాయముననే మరణింపగా, ఆ శరీరమును పరీక్షించిన వైద్యాధికారి అది 50 ఏండ్లు దాటినవాని దేహమని భ్రమించెను. బిల్లీ హాలిడే 1959 లో న్యూయార్కు ఆస్పత్రిలో శయ్యాగతయై యుండగనే మాదకద్రవ్యముల నేరమునకై నిర్బంధింపబడి, కొలది వారములలో 44వ యేట కన్నుమూసెను. ఇట్టి దినములను ఉత్సవదినములుగా చేసికొనుటకు ఎవరికి మనసొప్పును? పుట్టిన దినమునందైనచో, వారు లోకమునకిచ్చిన సంగీతమును మాత్రమే స్మరింపవచ్చును.

ఈ ఆచారమును శ్రద్ధతో నడపుచున్న వారిలో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు నిర్వహించు డబ్ల్యు.కె.సి.ఆర్. అను రేడియో కేంద్రమును ముందుగా చెప్పవలయును. ఒక మహావిద్వాంసుని జన్మదినము వచ్చినచో, ఆ కేంద్రమువారు తక్కిన కార్యక్రమములనన్నిటిని ప్రక్కకు నెట్టి, 24 గంటలును అతని రికార్డులనే ప్రసారము చేయుదురు. ఆగస్టు 27 లెస్టర్ యంగ్ జన్మదినము, ఆగస్టు 29 చార్లీ పార్కర్ జన్మదినము. మొదటివాడు 1909 లోను, రెండవవాడు 1920 లోను జన్మించిరి. సాక్సఫోను వాద్యమునకు రెండు వేర్వేరు మార్గములను చూపిన ఈ ఇరువురి జన్మదినములు ఇట్లు చేరువగా వచ్చుటచే, నడిమి దినమును కూడ కలుపుకొని మూడు దినములు ఎడతెగక ప్రసారము చేయుట అచటి సంప్రదాయము. 1970 లో విద్యార్థిగా ఆ కేంద్రమున చేరి, 2021 లో మరణించు వరకును దానిని విడువని ఫిల్ షాప్ అను రేడియో వ్యాఖ్యాత ఈ సంప్రదాయమునకు ప్రాణము పోసినవాడు. ఏ రికార్డు ఏ దినమున ఏ మందిరమున తయారైనదో, ఆ పూట ఎవరెవరు ఏ వాద్యమును వాయించిరో, అతడు గంటలకొలది చెప్పుచుండెడివాడు. చార్లీ పార్కర్ సంగీతమునకు అతడు 1981 మొదలుకొని నడపిన ప్రాతఃకాల కార్యక్రమమునకు అలవాటుపడినవారు న్యూయార్కు నగరమున పెక్కండ్రు కలరు. విద్యాపీఠములలో కూర్చుండి గ్రంథములు వ్రాసిన పండితులకంటె, ఇట్టి అభిమానులే ఈ సంగీతచరిత్రను ఎక్కువగా కాపాడిరనుట నా అభిప్రాయము.

ఈ రేడియో కేంద్రము లూయీ ఆర్మ్‌స్ట్రాంగు జన్మదినమును మాత్రము సంవత్సరమునకు రెండుమారులు జరుపును. ఒకటి జూలై 4 న, రెండవది ఆగస్టు 4 న. ఇందలి వృత్తాంతమును ఇక వివరింతును.

ఆర్మ్‌స్ట్రాంగు తాను 1900 జూలై 4 న జన్మించితినని జీవితాంతము నమ్మెను. న్యూ ఆర్లియన్సులో జేన్ ఆలీ అను ఇరుకు సందులో, కడు పేదవారు నివసించు పేటయందు అతడు పుట్టెను. తండ్రి విలియం, బిడ్డ పుట్టిన కొలది కాలమునకే ఇల్లు విడిచిపోయెను. తల్లి మేరీ ఆన్ అప్పటికి ఇంకను చిన్నవయస్సుది; కనుక నాయనమ్మ జోసెఫీన్ ఆ శిశువును కొంతకాలము పెంచెను. తాను పుట్టిన రాత్రి ఆ సందులో తుపాకులు ప్రేలి ఇద్దరు ఒకరినొకరు చంపుకొనిరని తల్లి తనకు చెప్పినట్లు, 1954 లో ప్రచురించిన తన బాల్యకథయందు అతడు వ్రాసికొనెను. మొదటి ప్రపంచ సంగ్రామకాలమున, నిర్బంధ సైనికసేవకై పేర్లు నమోదు చేయుచుండిన అధికారులకు కూడ అతడు ఆ జూలై 4 నే జన్మదినముగా తెలిపెను. జూలై 4 అమెరికా స్వాతంత్ర్యదినము. 1900 వ సంవత్సరము శతాబ్దపు అంచు. అభిమానులకును పత్రికలవారికిని ఇంతకంటె ఇంపైన జన్మదినము మరియొకటి యుండునా?

అతడు 1971 జూలై 6 న, న్యూయార్కు నగరపు క్వీన్స్ భాగమున కొరోనాపేటయందలి తన యింట నిద్రలోనే కన్నుమూసెను. అటుపిమ్మట పదునేడేండ్లకు, అనగా 1988 లో, న్యూ ఆర్లియన్సు సంగీతచరిత్రను పరిశోధించుచుండిన టాడ్ జోన్స్ వెలికితీసిన ఒక ఆధారము లోకమునకు తెలియవచ్చెను. అది ఆ నగరమున యేసు తిరుహృదయమునకు అంకితమైన కాథలిక్ దేవాలయపు బాప్తిస్మముల పుస్తకము. అందులో 1901 ఆగస్టు 25 న బాప్తిస్మము పొందిన ఆర్మ్‌స్ట్రాంగు అను శిశువు అదే నెల 4 న జన్మించినట్లు లాటిను భాషలో వ్రాయబడియున్నది. అనగా అతడు తాననుకొన్నదానికంటె ఒక సంవత్సరము ఒక నెల చిన్నవాడు. శిశువు పేరు ప్రక్కన, నల్లవాడు, అక్రమసంతానము అను అర్థముగల రెండు లాటిను పదములు కూడ చేర్చబడినవి. మూడు వారముల పసికందునకు ఈ లోకమున లభించిన మొదటి వర్ణన అదియే. అయినను ఆ పుస్తకమునకు మనము ఋణపడియున్నాము. ఏలయన, ఆ వ్రాత లేకున్నచో సత్యము ఎన్నటికిని తెలియకపోయెడిది.

తల్లి అసత్యమాడినదని దీనిని బట్టి అనుకొనరాదు. ఆనాటి నల్లజాతి పేదల బ్రదుకులో జన్మతిథి యనునది కాగితముపై నుండునది కాదు. ఒక వరదను బట్టియో, ఒక పండుగను బట్టియో, వీధిలో జరిగిన ఒక కొట్లాటను బట్టియో పెద్దల జ్ఞాపకమున నిలుచునది. ఈ స్థితికి మూలము బానిసత్వమే. 1850 లోను 1860 లోను అమెరికా ప్రభుత్వము జనాభాలెక్కలు తీసినప్పుడు బానిసలకు వేరుగా పట్టికలు సిద్ధము చేసిరి. ఆ పట్టికలలో యజమాని పేరు కలదు. అతని బానిసల వయస్సు, లింగము, శరీరవర్ణము కలవు. పేర్లు మాత్రము, కొలదిచోట్ల తప్ప, కానరావు. వయస్సు వ్రాసినది ధర కట్టుటకు పనికివచ్చును గనుక. పేరుతో వారికి పనిలేకపోయెను.

బానిసగా పుట్టి, తప్పించుకొనిపోయి, దాస్యవిమోచనోద్యమమున మహావక్తగా వెలుగొందిన ఫ్రెడెరిక్ డగ్లస్ తన పుట్టినదినమును ఎన్నడును ఎరుగడు. తెల్లవారి పిల్లలు తమ వయస్సు చెప్పగలిగియుండగా తనకు మాత్రము ఆ భాగ్యమేల లేకపోయెనని బాల్యముననే తాను పరితపించినట్లు 1845 లో వ్రాసిన ఆత్మకథయందు చెప్పికొనెను. పిమ్మట అతడు ఫిబ్రవరి 14 ను తన జన్మదినముగా స్వయముగా ఎన్నుకొనెను. ఈ ఎన్నిక వ్యర్థము కాలేదు. 1926 లో కార్టర్ వుడ్సన్ అను చరిత్రకారుడు నల్లజాతి చరిత్రకు ప్రత్యేకముగా ఒక వారమును నెలకొల్పదలచి, ఫిబ్రవరి 12 న వచ్చు లింకన్ జయంతియును, 14 న వచ్చు డగ్లస్ జయంతియును కలియునట్లు ఆ వారమును నిర్ణయించెను. నేడు అమెరికాయందు ఫిబ్రవరి మాసమంతయు నల్లజాతి చరిత్రమాసముగా పాటింపబడుచున్నది. తనకు జన్మదినము కావలయునని ఒక మానవుడు పట్టుబట్టి ఏర్పరచుకొన్న తేదీ, ఇట్లు ఒక జాతికి చరిత్రను స్మరించు మాసమైనది.

ఆ డగ్లసే 1852 జూలై 5 న, రాచెస్టర్ నగరమున, మీరు జరుపుకొను ఈ స్వాతంత్ర్యదినము బానిసకేమి కావలయునని సభాముఖమున నిలదీసి అడిగెను. అర్ధశతాబ్దమునకు పిమ్మట, అట్టి బానిసల సంతతికి చెందిన పేదబాలుడొకడు ఆ జూలై 4 నే తన జన్మదినమని నమ్ముచు పెరిగెను. దేశము జరుపుకొను పండుగ నాడే తన కుమారుడును పుట్టెనని ఆ తల్లి తలచియుండిన యెడల, దానిని నేను గర్వముగా భావింతునే గాని పొరపాటుగా భావింపజాలను.

మిసిసిపీ ప్రాంతపు బ్లూస్ గాయకుల సంగతి ఇంకను చిక్కైనది. ఆ రాష్ట్రమున జననములను ప్రభుత్వము నమోదు చేయుట 1912 నవంబరులో గాని ఆరంభము కాలేదు. అంతకు పూర్వము ప్రత్తిచేల నడుమ గుడిసెలలో మంత్రసానుల చేతులమీదుగా పుట్టినవారి తిథులు కుటుంబపు బైబిలులో వ్రాసికొన్ననే నిలుచును. మడ్డీ వాటర్స్ అను పేరుతో లోకప్రసిద్ధుడైన మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ ఏప్రిల్ 4 న పుట్టెనను విషయమున వివాదము లేదు. కాని ఏ సంవత్సరము? వివాహపత్రము మొదలగు తొలినాటి కాగితములలో 1913 అనియున్నది. ప్రసిద్ధుడైన పిమ్మట అతడు 1915 అని చెప్పుచుండెను. సమాధిశిలపై కూడ 1915 అనియే చెక్కబడినది. 1920 నాటి జనాభాలెక్కను బట్టి చూచినచో 1914 వచ్చును. 1941 లో జానపద గేయసేకర్తయైన అలన్ లోమాక్స్ స్టోవాల్ తోటకు పోయి రికార్డు చేసినప్పుడు అతడొక ప్రత్తికూలి. కూలివానిని నీవెప్పుడు పుట్టితివని అడుగువారెవరు? రాబర్ట్ జాన్సన్ విషయమున సామాన్యముగా అంగీకరింపబడిన తేదీ 1911 మే 8. అతడు 1936, 1937 సంవత్సరములలో 29 పాటలను రికార్డు చేసి 1938 లో మరణించెను. అతని సమాధి యిదియని మూడుచోట్ల శిలలు నాటియున్నవి. బెస్సీ స్మిత్ జన్మదినమును ఏప్రిల్ 15 న జరుపుచున్నారు, కాని సంవత్సరము 1892 అని ఒక జనాభాలెక్కయు, 1894 అని తక్కిన ఆధారములును చెప్పుచున్నవి. ఆమె సమాధిపై 1970 వరకు శిలయే లేదు.

తమ జన్మసంవత్సరమును కోరి మార్చుకొన్నవారును కలరు. న్యూ ఆర్లియన్సు పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మార్టన్, జాజ్ సంగీతమును 1902 లో తానే సృష్టించితినని చాటుచు, తాను 1885 లో పుట్టితినని చెప్పుచుండెను. అతని బాప్తిస్మపత్రము 1890 అక్టోబరు 20 అని తెలుపుచున్నది. దాని ప్రకారము 1902 నాటికి అతడు పండ్రెండేండ్ల బాలుడు కూడ కాడు. అతని కీర్తికి ఈ అసత్యము అవసరము లేకుండెను. అతడు వ్రాసిన స్వరరచనలే చాలును. ఇంకొక్కడు, సన్ రా అను మేళనాయకుడు, 1914 మే 22 న అలబామాయందలి బర్మింగ్‌హామున పుట్టియుండియు, తన స్వస్థలము శనిగ్రహమనియు, తనకు జన్మమే లేదనియు ప్రకటించెను. కొందరు దీనిని వేషమనిరి. జన్మపత్రమునందలి పేరు బానిసల యజమానులనుండి సంక్రమించినదని తలచినవాడు ఆ పత్రమునే నిరాకరించుటలో నాకు గంభీరమైన తర్కము కనిపించుచున్నది.

తేదీ విషయమున ఏ సందేహమును లేని భాగ్యవంతుడు డ్యూక్ ఎలింగ్టన్. 1899 ఏప్రిల్ 29 న వాషింగ్టన్ నగరమున, మధ్యతరగతి కుటుంబమున జన్మించెను. తండ్రి జేమ్స్ సంపన్నుల యింట సేవకుడు. శ్వేతసౌధమున విందులు జరిగినప్పుడు అప్పుడప్పుడు అచటికి కూడ పోయి వడ్డనపనులు చేసినవాడు. ఎలింగ్టన్ 1963 లో అమెరికా ప్రభుత్వపు సాంస్కృతిక యాత్రలో తన మేళముతో భరతఖండమునకు వచ్చెను. ఢిల్లీలో విన్న మైనా కూతయు, ఆగ్రాయందలి తాజమహలును అటుపిమ్మట అతడు బిల్లీ స్ట్రేహార్న్‌తో కలిసి కూర్చిన ఫార్ ఈస్ట్ సూట్‌లో స్వరరూపము దాల్చినవి. 1965 లో అతనికి పులిట్జర్ గౌరవమునీయవలయునని న్యాయనిర్ణేతలు సిఫార్సు చేయగా, పాలకమండలి త్రోసిపుచ్చెను. దానికి నిరసనగా ముగ్గురు నిర్ణేతలలో ఇద్దరు రాజీనామా చేసిరి. అప్పటికతడు 66 ఏండ్లవాడు. మరీ చిన్నవయస్సున ఎక్కువ కీర్తి వచ్చుట విధికి ఇష్టము లేదు కాబోలునని మాత్రమే అతడు పలికెను.

నాలుగేండ్లకు, 1969 ఏప్రిల్ 29 న, అతని 70వ జన్మదినము శ్వేతసౌధముననే జరిగెను. అధ్యక్షుడు నిక్సన్ అతనికి దేశపు అత్యున్నత పౌరపతకమును అలంకరించెను. పిమ్మట తానే పియానో వద్ద కూర్చుండి జన్మదిన గీతమును వాయించుచుండగా అతిథులందరును కలిసి పాడిరి. ఎర్ల్ హైన్స్, డేవ్ బ్రూబెక్ మొదలగు విద్వాంసులు ఆ రాత్రి వాయించిరి. పాట, నృత్యము అర్ధరాత్రి దాటినను ఆగలేదు. తండ్రి వడ్డించిన సౌధమున కుమారునికి ఆ దినము విందు! నిక్సన్ రాజకీయములను గూర్చి పాఠకులకేమి అభిప్రాయమున్నను, ఆ రాత్రి సంఘటన అమెరికా సంగీతచరిత్రలో విలువైన ఘట్టమే. పులిట్జర్ సంస్థవారు 1999 లో, అనగా అతని శతజయంతి సంవత్సరమున, మరణానంతరము ప్రత్యేక గౌరవమునొసగి తమ దోషమును దిద్దుకొనిరి. అప్పటికి అతడు పోయి పాతికేండ్లు. మనుష్యుడు బ్రదికియుండగా ఈయవలసినదానిని జయంతివరకు ఆపియుంచుట ఔదార్యమని నేననజాలను.

బ్లూస్ పితామహుడని పేరొందిన డబ్ల్యు. సి. హాండీకి ఈ విషయమున అన్యాయము జరుగలేదు. దాస్యమునుండి విముక్తులైన తల్లిదండ్రులకు 1873 నవంబరు 16 న అలబామాలోని ఫ్లారెన్సున కొయ్యదుంగల ఇంట పుట్టిన ఆయన 84వ జన్మదినోత్సవమునకు, న్యూయార్కులోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటలునకు 800 మందికి మించిన అతిథులు వచ్చిరి. అప్పటికి ఆయనకు చూపు లేదు. మరుసటి సంవత్సరము, 1958 లో, ఆయన మరణించెను.

ఇక ఆర్మ్‌స్ట్రాంగు జూలై 4 వేడుకలకు మరల వత్తము. 1957 జూలై 4 న న్యూపోర్టు జాజ్ ఉత్సవమున అతని జన్మదినమును ఘనముగా జరిపిరి. దేశమంతయు అతనిని నవ్వుమోముతో పాడు వినోదకారునిగనే చూచుచుండిన దినములవి. రెండు నెలలు గడువగనే, లిటిల్ రాక్ పట్టణమున నల్లజాతి బాలబాలికలను పాఠశాలలోనికి రానీయకుండ అర్కన్సా రాష్ట్ర గవర్నరు సైనికులను నిలిపినప్పుడు, ఆ నవ్వుమోమువాడే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను ధైర్యము లేనివాడని పత్రికలవారి యెదుట నిందించి, ప్రభుత్వము తరపున తలపెట్టిన సోవియటు యాత్రకు పోనని తేల్చిచెప్పెను. స్వాతంత్ర్యదినమును తన జన్మదినముగా భావించినవానికి ఆ మాట అనుటకు అందరికంటె ఎక్కువ హక్కు కలదు.

1970 లో, 70 ఏండ్లు నిండినవని తలచి, జూలై 3 న లాస్ ఏంజెలిసులో మహాసభ జరిపిరి. పదియవ తేదీన న్యూపోర్టున మరల ఉత్సవము జరిగెను. ఆ రాత్రి మహాలియా జాక్సన్ భక్తిగీతములు పాడుచుండగా, ఆర్మ్‌స్ట్రాంగు వేదికనెక్కి ఆమెతో గొంతు కలిపెను. అంతకుముందే రోగముతో ఆస్పత్రుల పాలై లేచినవాడు. వైద్యుల ఆజ్ఞచే ట్రంపెటు పట్టలేదు, గానము మాత్రమే చేసెను. నిజమునకు ఆ రాత్రి అతనికి 69 కూడ నిండలేదు. అయినను ఆ రాత్రి అచట చేరినవారి ఆనందము అబద్ధమగునా?

న్యూ ఆర్లియన్సు నగరమువారు 2001 లో, నిజమైన శతజయంతి సంవత్సరమున, ఆగస్టు 4 కు చేరువగా సంగీతోత్సవమును ఆరంభించి ఏటేట నడపుచున్నారు. జూలై 4 ను ఇక మరచిపొండని చెప్పు చరిత్రకారులును కలరు. నేను వారితో ఏకీభవింపను. ఆగస్టు 4 దేవాలయపు లేఖకుడు వ్రాసిన తేదీ. చరిత్ర గ్రంథమున అదియే యుండవలయును. జూలై 4 తల్లి చెప్పిన తేదీ. దానితోడనే ఆ మానవుడు డెబ్బది యేండ్లు జీవించెను, మిత్రులచేత శుభాకాంక్షలు పొందెను. జన్మతిథిని వ్రాసికొను హక్కే తన పూర్వులకు లేకుండిన జాతిలో, తల్లినోట వెలువడిన తేదీని కొట్టివేయుటకు చరిత్రకారునికి అధికారము లేదు. రెండు దినములను జరుపు ఆ రేడియో కేంద్రము మార్గమే సరియైనది.

వచ్చు భాగమున, 1912 డిసెంబరు 31 రాత్రి ఆర్మ్‌స్ట్రాంగు తుపాకి పేల్చి పట్టుబడి బాలుర శిక్షాలయమున చేరుటయు, పీటర్ డేవిస్ అను ఉపాధ్యాయుడు అతనికి అచట కార్నెట్ నేర్పుటయు వివరింపబడును.

(సశేషము)